ఒకే పార్టీలో ఇద్దరు విజార్డులు: మంత్రాలు జతగా వేసే పద్ధతి

పాచికలు వేస్తూ పాత్రల్లో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదవ ఎడిషన్‌లో, ఒకే పార్టీ (ఆటగాళ్ల పాత్రల బృందం)లోని ఇద్దరు విజార్డులు, అంటే పుస్తకంలో మంత్రాలు రాసుకుని వేసే మాంత్రికులు, శక్తి కలిపి ఒకే పెద్ద మంత్రం వేసే మామూలు నియమమేదీ లేదు. హేస్ట్ (వేగం పెంచే మంత్రం) వంటి కొంతసేపు నిలిచే మంత్రాన్ని ఇద్దరూ ఒకరిపైనే వేసినా ఫలితం రెట్టింపు కాదు. కనుక సహకారమంతా పంపకంలోనూ, వరుసలోనూ ఉంటుంది. ఇక్కడ చెప్పేవన్నీ 2014 నియమాలు. 2024 సవరణలో కొన్ని మారాయి.

పంపకం స్పెల్‌బుక్ (మంత్రాల పుస్తకం) దగ్గరే మొదలవ్వాలి. ప్రతి విజార్డూ ఆరు మంత్రాలతో ఆరంభించి, లెవెల్ పెరిగినప్పుడల్లా రెండేసి చేర్చుకుంటాడు కాబట్టి, ముందే మాట్లాడుకుని వేర్వేరుగా ఎంచుకుంటే ఐదో లెవెల్‌కు ఇద్దరి పుస్తకాల్లో కలిపి 28 మంత్రాలుంటాయి. ఒకరి పుస్తకం నుంచి మరొకరు ఎక్కించుకోవడానికి మంత్రం స్థాయికి రెండు గంటలు, 50 బంగారు నాణేల చొప్పున పడుతుంది. మూడో స్థాయి ఫైర్‌బాల్ (పేలే నిప్పు గోళం) మంత్రానికి ఆరు గంటలు, 150 నాణేలన్నమాట. ఎవొకేషన్ శాఖ (ఫైర్‌బాల్ వంటి మంత్రాల శాఖ) విజార్డుకైతే అందులో సగం చాలు.

అసలు లాభం కాన్సంట్రేషన్‌లో, అంటే మంత్రం కొనసాగేందుకు దానిపై ధ్యాస నిలపడంలో, ఉంది. ఒక విజార్డు ఒకసారికి ఒక్క మంత్రంపైనే దానిని నిలపగలడు, ఇద్దరుంటే రెండు నిలుస్తాయి. తొమ్మిదో లెవెల్‌కు చేరాక దీనికి మంచి ఉదాహరణ సికెనింగ్ రేడియన్స్ (హాని చేసే కాంతి), వాల్ ఆఫ్ ఫోర్స్ (కనిపించని గోడ)ల జత. మొదటి విజార్డు రేడియన్స్ వేయగానే రెండోవాడు అందులోని శత్రువుపై ఆ గోడను పది అడుగుల వ్యాసార్థపు గోపురంగా దించుతాడు. లోపల చిక్కినవాడు తన వంతు మొదలైనప్పుడల్లా సేవింగ్ త్రో (మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) వేయాలి. తప్పితే పది ముఖాల పాచికలు నాలుగు వేసినంత దెబ్బ, దానితోపాటు ఒక మెట్టు అలసట. ఆరు మెట్లకు మరణం. వరుస తారుమారైతే పని చెడుతుంది, ఎందుకంటే గోడ లేచాక దాని గుండా లోపలికి మంత్రం వేయలేరు. గోడ వేసేవాడి వంతే ముందు వస్తే, రెడీ యాక్షన్‌తో (ఏదైనా జరగగానే చేసేలా ముందే సిద్ధం చేసుకునే చర్య) మంత్రాన్ని పట్టి ఉంచి రేడియన్స్ వెలగగానే వదలాలి. అయితే ఆ రౌండుకు అతని రియాక్షన్ (ఇతరుల వంతులోనూ చేయగల ఒకే ఒక్క ప్రతిచర్య) దానికే ఖర్చవుతుంది. మిస్టీ స్టెప్ (ఒకచోట మాయమై దగ్గరలో మరోచోట తేలే మంత్రం) తెలిసిన శత్రువు మాత్రం గోడ అవతలికి మాయమైపోతాడు.

తోటివాడి మంత్రాన్ని చెడగొట్టకుండా ఉండటమూ సహకారమే. ఒకసారి మా పార్టీలో రెండో విజార్డు హిప్నాటిక్ పాటర్న్‌తో నలుగురు ఓగర్‌లను (భారీ రాక్షసులను) బొమ్మల్లా నిలబెడితే, నేను ఉత్సాహం ఆపుకోలేక వాళ్ల నడుమ ఫైర్‌బాల్ వేశాను. దెబ్బ తగిలితే ఆ మత్తు వదులుతుందన్న సంగతి, నలుగురూ దుడ్డుకర్రలెత్తి అతని వైపు తిరిగాక గుర్తొచ్చింది.

శత్రు మాంత్రికుడు మీ మంత్రాన్ని కౌంటర్‌స్పెల్‌తో ఆపబోతే, సహచరుడు ఆ కౌంటర్‌స్పెల్ మీదే కౌంటర్‌స్పెల్ వేయవచ్చు. అందుకు శత్రువు అతనికి కనిపిస్తూ 60 అడుగుల లోపు ఉండాలి, ఆ రౌండులో రియాక్షన్ మిగిలి ఉండాలి. అలాగని ఇద్దరూ పక్కపక్కనే నిలబడకూడదు. దెబ్బ తగిలితే కాన్సంట్రేషన్ చెదరవచ్చు. ఫైర్‌బాల్ వ్యాసార్థం 20 అడుగులు కనుక, మధ్యలో 40 అడుగులకు మించి ఎడం ఉంటే ఒక్క దెబ్బకు ఇద్దరి కాన్సంట్రేషనూ పోదు.