అమెరికా దక్షిణాదిలోని చిన్న నగరం చరిత్రను రాయడం ఎలా: మేకన్ ఉదాహరణగా

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, సముద్రతీరానికి దూరంగా ఉన్న చిన్న నగరం చరిత్ర రాయదలచినవారు సాధారణంగా స్థాపన తేదీతో మొదలుపెట్టి, మేయర్ల పేర్లనూ పాత భవనాల ఫొటోలనూ వరుసగా పేర్చుకుంటూ పోతారు. అటువంటి రచనలో ఆ ఊరు అక్కడే ఎందుకు పుట్టిందో, ఎవరి నేల మీద, ఎవరి చాకిరీతో పెరిగిందో కనిపించదు. ఈ లోపం రాకుండా పని ఏ వరుసలో చేయాలో, జార్జియా రాష్ట్రం నడుమ ఉన్న మేకన్ నగరాన్ని ఉదాహరణగా తీసుకొని వివరిస్తాను.

మొదట చూడవలసినది నేల తీరు. పీడ్‌మాంట్ అనే ఎగువ ప్రాంతపు గట్టి రాతినేల ముగిసి, తీర మైదానపు మెత్తటి నేల మొదలయ్యే చోట నదులు రాళ్ల మీదుగా ఉరవడిగా కిందికి దిగుతాయి. ఈ సరిహద్దును ఫాల్ లైన్ అంటారు. సముద్రం వైపు నుంచి వచ్చే పడవలు ఇంతకు మించి ఎగువకు పోలేవు కనుక సరుకు ఇక్కడే దిగాలి. సరుకు దిగిన చోట గిడ్డంగులు వెలుస్తాయి, వర్తకులు స్థిరపడతారు. సవన్నా నది మీద అగస్టా, ఒకోనీ మీద మిలెడ్జ్‌విల్, ఒక్మల్గీ మీద మేకన్, చాటహూచీ మీద కొలంబస్ ఈ గీత వెంబడే ఉన్నాయి. మీరు రాసే నగరం ఈ గీత మీద లేకపోతే, దానిని అక్కడ నిలబెట్టినది రైలు కూడలా, పాత బాటా, మరొకటా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

తరువాత స్థాపన తేదీకి వెనక్కి వెళ్లాలి. మేకన్ 1823లో ఏర్పడింది, కానీ దాని ఎదుటి ఒడ్డున సుమారు వెయ్యేళ్ల కిందటే మిసిసిపియన్ అనే ప్రాచీన ఆదివాసీ సంస్కృతికి చెందిన ప్రజలు పెద్ద మట్టిదిబ్బలు నిర్మించారు. వాటిలో అతి పెద్దది నేటికీ సుమారు 55 అడుగుల ఎత్తున ఉంది. ఆ దిబ్బలను మస్కోగీ అనే ఆదివాసీ ప్రజలు తమ పూర్వికుల స్థలంగా భావిస్తారు. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1805 ఒప్పందంలో నదికి తూర్పున ఉన్న భూములను వదులుకున్నప్పుడు కూడా వారు ఈ దిబ్బలున్న చిన్న భాగాన్ని తమకే ఉంచుకున్నారు. మరుసటి ఏడు ప్రభుత్వం అక్కడ హాకిన్స్ కోటను కట్టింది. 1821 ఒప్పందంతో నదికి పడమటి భూమి చేజారగా, జార్జియా ప్రభుత్వం దానిని 202.5 ఎకరాల ముక్కలుగా లాటరీలో పంచింది. 1826లో దిబ్బల భాగం కూడా పోయింది, 1830లలో మస్కోగీలను బలవంతంగా పడమటికి తరలించారు. ఓక్లహోమాలో వారి రాజధాని పేరు ఓక్మల్గీ. వదిలివచ్చిన నది పేరే దానికి పెట్టుకున్నారు. కాబట్టి ఒప్పందాల మూలపాఠాలతో పాటు, మస్కోగీ నేషన్ తన చరిత్రను తాను ఎలా చెప్పుకుంటున్నదో కూడా చదవడం తప్పనిసరి.

ఊరిని మార్చిన ఒక్క వస్తువును ఎంచుకొని, దాని ప్రభావం ఎవరెవరి మీద పడిందో చివరిదాకా వెంబడించడం మంచి పద్ధతి. మేకన్‌లో ఆ వస్తువు రైలు. 1843లో సవన్నా నుంచి వచ్చిన రైలుమార్గం పత్తి వర్తకాన్ని పెంచింది, అదే మార్గం కోసం పురాతన దిబ్బల్లో ఒకదానిని కొంతమేర తవ్విపారేశారు. 1848 డిసెంబరులో ఎలెన్ క్రాఫ్ట్ జబ్బుపడిన తెల్లజాతి యువ భూస్వామిగా వేషం వేసుకొని, భర్త విలియం సేవకుడిగా వెంటరాగా, మేకన్‌లో రైలెక్కి బానిసత్వం నుంచి తప్పించుకుంది. రాయడం రాదన్న సంగతి బయటపడకుండా ఆమె కుడిచేతికి కట్టు కట్టుకుంది. ఒకే పట్టాల మీద ఇన్ని కథలు నడిచాయి.

ఇక అత్యంత ఓపిక కోరే దశ, బానిసత్వంలో బతికినవారి జాడ వెతకడం. నా దృష్టిలో చరిత్రకారుడి నిజాయితీ తేలేది ఇక్కడే. 1850, 1860 జనాభా లెక్కల బానిస పట్టికల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, ఒంటిరంగు వంటి కొద్ది వివరాలే ఉంటాయి. మనుషుల పేర్లు దాదాపుగా ఉండవు. పేర్లు కావాలంటే కౌంటీ కోర్టుల్లో భద్రపరచిన వీలునామాలు, మరణించిన యజమానుల ఆస్తి జాబితాలు, విక్రయ దస్తావేజులు చూడాలి. మనుషులను ఆస్తిగా లెక్కగట్టిన ఆ కాగితాల్లోనే పేరూ వెలా పక్కపక్కన కనిపిస్తాయి. పారిపోయినవారి కోసం యజమానులు పత్రికల్లో ఇచ్చిన ప్రకటనలు కూడా ఉపయోగపడతాయి. విముక్తి పొందినవారందరి పేర్లు మొదటిసారి నమోదైనవి 1870 లెక్కల్లో. ఆ జాబితాలోని కుటుంబాన్ని పాత ఆస్తి జాబితాతో పోల్చేటప్పుడు ఇంటిపేరును మాత్రమే నమ్ముకోకూడదు, ఎందుకంటే చాలామంది చివరి యజమాని పేరు పెట్టుకోలేదు. పిల్లల వయసులూ పేర్ల కలయికా సరిచూసుకోవాలి. అంతర్యుద్ధం తరువాత విముక్తుల సహాయానికి ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో వద్ద కుదిరిన కూలి ఒప్పందాలు ఈ రెండు కాలాల మధ్య వంతెనగా పనికొస్తాయి. బానిసగా పుట్టి, మేకన్‌లో దర్జీ పని చేసిన జెఫర్సన్ లాంగ్ 1871లో అమెరికా ప్రతినిధుల సభలో ప్రసంగించిన తొలి నల్లజాతి సభ్యుడయ్యాడు. అటువంటి ప్రముఖుల జీవితాల దగ్గరే ఆగిపోకుండా వారి ఇరుగుపొరుగును కూడా ఆ లెక్కల్లో చదవాలి.

ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి ఆధారాలు సులభంగా దొరుకుతాయి. బీమా సంస్థల కోసం ఒక్కొక్క భవనాన్నీ చూపిస్తూ గీసిన శాన్‌బోర్న్ అగ్నిబీమా పటాల్లో గులాబీ రంగు ఇటుక కట్టడానికి, పసుపు రంగు చెక్క ఇంటికి గుర్తు. సిటీ డైరెక్టరీలు వీధి వారీగా నివాసుల పేర్లూ వృత్తులూ ఇస్తాయి. 1930లలో గృహరుణాల కోసం తయారైన పటాల్లో, అప్పు ఇవ్వడం ప్రమాదకరమని ఎర్రరంగు పూసిన పేటలను ఈ డైరెక్టరీలతో కలిపి చూస్తే, అప్పు ఎవరికి అందకుండా పోయిందో అర్థమవుతుంది. 1826లో మొదలైన మేకన్ టెలిగ్రాఫ్ వంటి పత్రికలను చదివేటప్పుడు, అవి ఎవరి కోసం ఎవరు రాసినవో గుర్తుంచుకోవాలి.

చివరగా వృద్ధులతో మాట్లాడాలి. మేకన్‌లో నల్లజాతి కుటుంబాలు నివసించిన ప్లెజెంట్ హిల్ పేటను అంతర్రాష్ట్ర రహదారి రెండుగా చీల్చింది. ఇటువంటి చోట్ల ఊరికే జ్ఞాపకాలు చెప్పమని అడగకుండా, రహదారికి ముందటి డైరెక్టరీలో వారి వీధి పుటను అచ్చువేసి తీసుకెళ్లి ముందు పెట్టి, పక్కింట్లో ఎవరుండేవారో, దుకాణం ఏ మూలన ఉండేదో, ఇల్లు ఖాళీ చేసి ఎటు వెళ్లారో ఒక్కొక్క ఇంటి సంఖ్య చూపిస్తూ అడగండి. వారి అనుమతితో రికార్డు చేసి, మాట్లాడిన తేదీ రాసి, ఒక ప్రతిని వారి కుటుంబానికి, మరొకటి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.