ఊరి చివర జంక్షన్‌లో ట్రాఫిక్ తగ్గాలంటే ముందు ఆ 50 మీటర్లు చూడండి

విజయనగరంలో ట్రాఫిక్ అనగానే అందరూ మయూరి జంక్షన్, కోట జంక్షన్, మూడు లాంతర్ల గురించే మాట్లాడతారు. నేను చెప్పేది ఊరి చివర, పల్లెల నుంచి వచ్చే రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే చోట్ల గురించి. ఒకప్పుడు రెండు టీ బడ్డీలు తప్ప ఏమీ లేని చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, స్కూళ్లు, కల్యాణ మండపాలు వచ్చేశాయి, రోడ్డు మాత్రం అదే. మా కాలనీ దగ్గర పొద్దున్న 8.30కి స్కూల్ బస్సులు, సర్వీసు ఆటోలు, పాల బళ్లు, గడ్డి వేసుకొచ్చే ట్రాక్టర్లు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. ఓ రోజు ఆ మధ్యలో అంబులెన్స్ ఇరుక్కుపోయింది. దారివ్వాలని అందరికీ ఉంది, జరగడానికే చోటు లేదు. అది కళ్లారా చూశాక ఇక ఊరుకోలేకపోయాను.

ఫ్లైఓవర్ కావాలి, రోడ్డు వెడల్పు చేయాలి అని అర్జీ రాసేయకండి. మేమూ మొదట అలాగే రాశాం, ఒక ఆఫీసులో తీసుకుని పక్కన పెట్టేశారు. జంక్షన్ నుంచి ప్రతి వైపూ 50 మీటర్ల లోపల ఏది ఎక్కడ ఆగుతోందో చూస్తే సగం జబ్బు అక్కడే దొరుకుతుంది.

ముందు లెక్క కట్టండి. మామూలు పనిరోజులు రెండు, సంత ఉన్న రోజు ఒకటి తీసుకోండి. పొద్దున్న 8 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 7. ఒక్కో రోడ్డుకి ఇద్దరు కుర్రాళ్లని నిలబెట్టి, 15 నిమిషాలకోసారి గీత గీసి, ఎడమకి ఎన్ని తిరిగాయి, తిన్నగా ఎన్ని పోయాయి, కుడికి ఎన్ని తిరిగాయి అని రాయించండి. బైకులు, ఆటోలు, కార్లు, బస్సులు, లారీలు వేరు వేరుగా ఉండాలి, ఎందుకంటే ఇంజనీర్ల లెక్కలో కారు ఒకటైతే బైకు సుమారు సగం, బస్సు దాదాపు మూడు. ఏ రోడ్డులో క్యూ ఎక్కడిదాకా వచ్చిందో కరెంటు స్తంభాలు లెక్కపెట్టి రాస్తే చాలు. ఈ కాగితం చేతిలో ఉంటే మాట్లాడే తీరే మారిపోతుంది.

తర్వాత ఒక తెల్లకాగితం మీద జంక్షన్ బొమ్మ గీయండి. బస్సు ఎక్కడ ఆగుతోంది, ఆటోలు ఎక్కడ నిలబడుతున్నాయి, టిఫిన్ కొట్టు ముందు బైకులు ఎంత దూరం వచ్చాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడుంది, ఫ్లెక్సీ ఎక్కడ అడ్డం, మూత లేని కాలువ ఎక్కడ, అన్నీ పెట్టండి. జంక్షన్‌లో గానీ దాని దగ్గర్లో గానీ బండి పార్క్ చేయడం ట్రాఫిక్ నిబంధనలకే విరుద్ధం, కాబట్టి ఇది ఎవరినో బతిమాలాల్సిన విషయం కాదు.

అసలు పని ఆటోలు, బస్సుల దగ్గర ఉంది. చాలా చోట్ల బస్సు జంక్షన్‌కి ముందే ఆగుతుంది. దాని వెనక ఎడమకి తిరగాల్సినవాళ్లు, తిన్నగా పోవాల్సినవాళ్లు అందరూ ఆగిపోతారు, పైగా పక్క రోడ్డు నుంచి వచ్చేవాళ్లకి బస్సు అడ్డమై ఎదురు బండి కనిపించదు. అదే స్టాపు జంక్షన్ దాటాక 50, 60 మీటర్ల అవతల ఉంటే వెనకున్నవాళ్లు జంక్షన్‌లో ఇరుక్కోరు. ఆటోలకీ అంతే. కానీ ఆటో వాళ్లని తిట్టి లాభం లేదు. నేను అడిగితే ఒకాయన తిన్నగా చెప్పాడు: "నేనొక్కడినే అటెళ్లి ఆపితే జనం అంతదూరం నడవరు బాబూ, ముందున్న ఆటో ఎక్కేసి బేగెళ్లిపోతారు." నిజమే కదా. ఒక్కడు జరిగితే వాడి బేరం పోతుంది. అందుకే స్టాండులో అందరితో ఒకేసారి మాట్లాడి, ఒకే రోజు అందర్నీ మార్చాలి, కొత్త చోట నీడ, లైటు ముందే ఉండాలి, మొదటి పది రోజులు అక్కడ కానిస్టేబుల్ గానీ హోంగార్డు గానీ నిలబడాలి. నీడ లేకుండా మే నెలలో మార్చితే రెండు రోజుల్లో మళ్లీ పాత చోటికే వస్తారు. సిరిమానోత్సవానికి లక్షల జనం వస్తే మన ఊళ్లోనే బస్సుల్ని దూరంగా ఆపి దారి మళ్లిస్తారు, జనం నడుస్తారు. రోజూ ఓ 50 మీటర్లు నడవమంటే కుదరదా?

తోపుడు బళ్ల వాళ్ల విషయంలోనూ గొడవ వద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద టౌన్ వెండింగ్ కమిటీ ఉంటుంది, చోటు చూపించి జరపమని అక్కడ అడగాలి. పొట్ట మీద కొట్టి తెరిపించిన రోడ్డు నాకు అక్కర్లేదు.

సిగ్నల్ ఉంటే టైమింగ్ చూడండి. పచ్చ లైటు పడ్డాక ముందు బళ్లు కదలడానికి, చివర్లో జంక్షన్ ఖాళీ అవడానికి కలిపి ఒక్కో విడతకి సుమారు 4 సెకన్లు పోతాయి. నాలుగు రోడ్లనీ విడివిడిగా వదిలితే ఒక చుట్టుకి 16 సెకన్లు. చుట్టు మొత్తం 60 సెకన్లే అయితే పావు వంతుకి పైగా ఎవరూ కదలకుండానే గడిచిపోతుంది. అలాగని 180 పెడితే క్యూ పెరిగి, ఓపిక పోయి బైకులు దూరేస్తాయి. 1958లో వెబ్‌స్టర్ అనే బ్రిటన్ ఇంజనీర్ ఒక చుట్టు ఎన్ని సెకన్లు ఉండాలో లెక్క ఇచ్చాడు: ఒక చుట్టులోని వృథా సెకన్లని ఒకటిన్నరతో హెచ్చించి 5 కలపండి, ఒకటిలోంచి రద్దీ నిష్పత్తి తీసేయగా మిగిలిన దాంతో భాగించండి. ఒక్కో విడతలో వస్తున్న బళ్లు, ఆ రోడ్డుని ఆపకుండా వదిలితే పోగలిగే బళ్లలో ఎంత వంతో చూసి, ఆ వంతులన్నీ కలిపితే వచ్చేదే రద్దీ నిష్పత్తి. అది 0.7 అయితే, వృథా 16 సెకన్లకి వచ్చే 29ని 0.3తో భాగించాలి, చుట్టు సుమారు 97 సెకన్లు. కుడికి తిరిగేవాళ్లు తక్కువుంటే ఎదురెదురు రోడ్లని కలిపి వదలమనండి, వృథా సగం తగ్గుతుంది.

సిగ్నల్ లేని చోట చిన్న సర్కిల్ ఆలోచించవచ్చు. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బళ్లు ఒకదానికొకటి తగిలే చోట్లు 32, ఒక్క వరస సర్కిల్‌లో 8. కాకపోతే లోపల తిరుగుతున్న బండికి దారివ్వాలన్న సంగతి అందరికీ తెలియాలి, మధ్యలో ఎత్తైన విగ్రహమో హోర్డింగో పెట్టి అవతల ఏముందో కనపడకుండా చేయకూడదు. ఏదైనా సరే, సిమెంట్ వేసే ముందు వారం రోజులు డ్రమ్ములు, ఇసుక బస్తాలతో పోలీసుల చేత పెట్టించి చూడండి.

స్కూళ్లతో మాట్లాడి వదిలే టైమ్ 15 నిమిషాలు అటూ ఇటూ చేయిస్తే పైసా ఖర్చు లేదు.

ఇక అర్జీ. రోడ్డు ఎవరిదో ముందు తెలుసుకోండి: జాతీయ రహదారా, ఆర్ అండ్ బీ రోడ్డా, కార్పొరేషన్ రోడ్డా అన్నదాన్ని బట్టి ఆఫీసు మారుతుంది. ట్రాఫిక్ పోలీసులకి ఒక కాపీ, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే వేదికలో ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్క కాగితంలో ఒక్క పనే అడగండి. "స్టాపు ఇక్కడి నుంచి అక్కడికి మార్చాలి" అని బొమ్మతో సహా.

మార్పు జరిగిన నెల తర్వాత అవే రోజులు, అవే గంటలు మళ్లీ లెక్క కట్టండి. మీ దగ్గర క్యూ తగ్గి, ముందున్న జంక్షన్‌లో రెండు స్తంభాల మేర పెరిగి ఉంటే అదీ రాసి అదే ఆఫీసుకి ఇవ్వండి.