లేఆఫ్ అయ్యాక సొంతంగా కంపెనీ పెడదామనుకుంటున్నారా? ముందు ఒక బిల్లు రాయండి

లేఆఫ్ మీటింగ్ పదిహేను నిమిషాలని పెట్టారు, ఏడు నిమిషాల్లో అయిపోయింది. మధ్యాహ్నానికి లాప్‌టాప్ లాక్. సాయంత్రం హైదరాబాద్ మైండ్‌స్పేస్ దగ్గర టీ తాగుతూ, నాతోపాటే ఉద్యోగం పోయిన ఫ్రెండూ నేనూ కలిసి కంపెనీ పెట్టేద్దామని తేల్చేశాం. రాత్రికి పేరు, మర్నాడు డొమైన్, వారానికల్లా లోగో. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, సరిగ్గా అదే. లోగోకి నాలుగు వేలు పోయాయి, ఆ పేరుతో కంపెనీ మాత్రం ఈ రోజుకీ లేదు. తర్వాతి ఏడాదిన్నరలో తెలిసొచ్చినవి రాస్తున్నా. ఇది ఎక్కువగా ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు ఉన్నవాళ్ల కోసం. మియాపూర్‌లో నలుగురు రూమ్‌మేట్స్‌తో ఉండే కుర్రాళ్లు డబ్బుల భాగం దాటేసి చదువుకోవచ్చు.

మొదటి వారం ఐడియా జోలికి వెళ్లకండి

ముందు కాగితాలు. పే స్లిప్పులు, ఫారం 16 (జీతంలో కోసిన పన్ను సర్టిఫికెట్), రిలీవింగ్ లెటర్, ఫుల్ అండ్ ఫైనల్ (చివరి బకాయిల) లెక్క, ఇవన్నీ సొంత మెయిల్‌కి పంపమని హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. లాప్‌టాప్ ఇంకా చేతిలో ఉంది కదా అని కోడ్ మాత్రం కాపీ చేసుకోకండి. అది మీరే రాసినా మీది కాదు, అపాయింట్‌మెంట్ లెటర్‌లో అలా ఉంటుంది. ఆ లెటర్ ఇప్పుడైనా ఒకసారి పూర్తిగా చదవండి, జాయినైన రోజు ఎవరూ చదవరు. పోటీ కంపెనీ పెట్టకూడదు అనే షరతు కనిపించి భయపడేవాళ్లున్నారు. ఉద్యోగం వదిలేశాక మనిషి తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం మామూలుగా చెల్లదు. కానీ పాత కంపెనీ రహస్యాలు వాడటం, వాళ్ల కస్టమర్ల లిస్టు పట్టుకుపోవడం వేరే సంగతి, అక్కడ కోర్టులు ఊరుకోవు.

అయిదేళ్లు నిండాయా? అయితే గ్రాట్యుటీ ఉంది, అంటే ఇన్నేళ్లు చేసినందుకు వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు. చివరి నెల వేతనాన్ని (మామూలుగా బేసిక్, డీఏ) 15తో, సర్వీసు ఏళ్లతో హెచ్చించి 26తో భాగించాలి. ఆ వేతనం 60 వేలు, సర్వీసు 6 ఏళ్లు అనుకుంటే సుమారు 2 లక్షల 8 వేలు వస్తుంది. 30 రోజుల్లో ఇవ్వాలని చట్టం. సీటీసీలో (కంపెనీకి మన మీద అయ్యే మొత్తం ఖర్చు లెక్క) ఎక్కడో ఒక లైనులా ఉంటుంది కాబట్టి చాలామందికి అది గుర్తు కూడా ఉండదు. పీఎఫ్ మాత్రం ముట్టుకోకండి, దాన్ని పెట్టుబడి అనుకోవడం మొదలుపెడితే ఆరు నెలల్లో కరిగిపోతుంది. అయిదేళ్ల సర్వీసు నిండకపోతే తీసిన దాని మీద పన్ను పడే అవకాశం కూడా ఉంది.

హెల్త్ ఇన్సూరెన్స్ సంగతి చాలామంది మర్చిపోతారు. కంపెనీ పాలసీ మామూలుగా చివరి పనిదినంతోనే అయిపోతుంది. ఆ రోజు రాకముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారతామని అప్లికేషన్ పెట్టుకోవచ్చు, అప్పుడు ఇన్నేళ్ల వెయిటింగ్ పీరియడ్ కలిసొస్తుంది. అమ్మానాన్నలకు షుగర్, బీపీ ఉన్న ఇంట్లో ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే కొత్తగా తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఇంకోటి, జీతం పడటం ఆగిన కొన్ని నెలలకు శాలరీ అకౌంట్ మామూలు సేవింగ్స్ అకౌంట్ అయిపోతుంది, మినిమమ్ బ్యాలెన్స్ లేదని కొన్ని బ్యాంకులు డబ్బులు కోస్తాయి. చిన్నదే కానీ ఆ టైంలో ఆ మెసేజ్ చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. నాకు అన్నీ కలిపి 9 లక్షలు చేతికొచ్చాయి, ఇంటి ఖర్చు నెలకు 72 వేలు. పన్నెండున్నర నెలలు లాగొచ్చని సంబరపడ్డాను. మా ఆవిడ కాగితం తీసుకుని జూన్‌లో స్కూలు ఫీజు, ఇన్సూరెన్స్ ప్రీమియం, చెల్లెలి పెళ్లికి ఒప్పుకున్న డబ్బు తీసేస్తే పది నెలలు తేలింది. అందులోంచి ఇంకో మూడు నెలలు పక్కన పెట్టాలి, ఎందుకంటే ఇది కుదరకపోతే మళ్లీ ఉద్యోగం వెతకడానికి ఆ మాత్రం టైం పడుతుంది, జేబు ఖాళీ అయ్యాక ఇంటర్వ్యూకి వెళ్తే ఎంతిస్తామన్నా తలూపుతాం. అంటే ప్రయత్నానికి మిగిలింది ఏడు నెలలు. ఆ తేదీని క్యాలెండర్ మీద రాసి గోడకు తగిలించండి. ఈ లెక్క ఇంట్లోవాళ్ల ముందే వెయ్యండి. అత్తమామలకు ఏం చెప్పాలన్నది భార్యాభర్తలు ఇద్దరూ ఒకే మాట అనుకోవాలి, నేను "వర్క్ ఫ్రమ్ హోమ్" అని రెండు నెలలు నటించి మామగారి దగ్గర దొరికిపోయాను, అదో పెద్ద కథ.

ఎవరి నొప్పి మీకు దగ్గరగా కనిపిస్తుంది?

మన ఐటీవాళ్లకు వచ్చే మొదటి ఐడియాలన్నీ ఐటీవాళ్ల కోసమే ఉంటాయి. ఇంటర్వ్యూ ప్రిపరేషన్ యాప్, రెజ్యూమె దిద్దే ఏఐ టూల్, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ యాప్. వద్దని అనను, కానీ అదే రోజు ఉద్యోగం పోయిన ఇంకో వెయ్యిమంది కూడా అదే కడుతుంటారు. మీకున్న బలం వేరే చోట ఉంది. మీ ఊళ్లో, మీ చుట్టాల్లో ఏదో ఒక వ్యాపారం లోపలి నుంచి తెలిసినవాళ్లు ఉంటారు: రైస్ మిల్లు, రొయ్యల చెరువులు, డయాగ్నస్టిక్ సెంటర్, టైల్స్ షాపు.

బస్ టికెట్ల సైట్ రెడ్‌బస్ మొదలైన తీరు అందరికీ తెలిసిందే. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి టికెట్ దొరకని ఫణీంద్ర సామ, ట్రావెల్ ఏజెంట్ల దగ్గరికి వెళ్లి అసలు ఈ సీట్లు ఎవరు ఎలా అమ్ముతారో కనుక్కున్నాడు. టికెట్ దొరకనివాళ్లు ఆ రోజు వేలమంది ఉండి ఉంటారు. ఏజెంటు దగ్గర కూర్చుని అడిగినవాడు కంపెనీ పెట్టాడు.

నాకు దారి దొరికింది గుంటూరులో. మా బావ ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. రైతులూ వ్యాపారులూ పెట్టిన టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ ఛాంబర్‌లో, ఏ వరసలో ఉన్నాయి, ఎన్ని బయటికెళ్లాయి, అద్దె ఎంత బాకీ అన్నదంతా పుస్తకాల్లో ఉండేది. రైతు ఫోన్ చేసి నా సరుకు ఎంత మిగిలింది అంటే పుస్తకం తిరగేసి చెప్పడానికి పావుగంట. నేను మూడు రోజులు అక్కడే బల్ల మీద కూర్చున్నాను. మీరూ ఇదే చెయ్యండి: ఐడియా చెప్పకుండా, యాప్ మాట ఎత్తకుండా, పని జరుగుతుంటే చూడండి. ఏదైనా అడగాలంటే గతం గురించి అడగండి. "ఇలాంటిది ఉంటే వాడతారా" అని అడిగితే మన వాళ్లు మొహమాటానికి "బాగుంటుంది బాబూ" అంటారు, ఆ మాటకు విలువ లేదు. "పోయినసారి లెక్క తప్పినప్పుడు ఏం చేశారు, ఎంత పోయింది" అని అడిగితే నిజం బయటికొస్తుంది. నేను అడిగితే, ఒకరి లాట్ (ఒకేసారి పెట్టిన బస్తాలు) వేరేవాళ్లకు వెళ్లిపోయి ఓనరు జేబులోంచి కట్టుకున్న సంగతి చెప్పారు. రైతుకు మెసేజ్ వెళ్లడం కంటే ఆయనకు కావాల్సింది అదే, లాట్ తారుమారు కాకుండా ఉండటం. నేనైతే మెసేజ్‌ల యాప్ కట్టేసేవాడిని.

కోడ్ రాయకముందే డబ్బు అడగండి

ఇది మనకు చాలా కష్టం. పదేళ్లు కోడ్ రాసిన చెయ్యి, ఎడిటర్ తెరవకపోతే పని చేసినట్టే అనిపించదు. కానీ ఆ కోల్డ్ స్టోరేజీకి మొదటి నెల నేను చేసిందల్లా గూగుల్ షీట్, వాట్సాప్, బస్తా మీద అతికించే క్యూఆర్ స్టిక్కర్లు. రాత్రుళ్లు నేనే కూర్చుని ఎంట్రీలు కొట్టేవాణ్ని. దానికే నెలకు 6 వేలు అడిగాను. ఓనరు 3 వేలన్నారు, నాలుగున్నర దగ్గర ఆగాం. ఆ నాలుగున్నర వేల బిల్లు వల్ల తెలిసినంత, అంతకుముందు రెండు నెలలు కట్టిన ఇంకో యాప్ వల్ల తెలియలేదు.

అడిగేటప్పుడు ఫ్రీ ట్రయల్ అనకండి. ఫ్రీగా ఇచ్చినదాన్ని ఎవరూ వాడరు, వాడకపోతే ఏది బాలేదో మీకు తెలియదు. సగం అడ్వాన్సు తీసుకోండి, తక్కువైనా సరే.

సీజన్ చూసుకోండి అని కూడా చెప్పాలి, ఇక్కడే నేను బాగా దెబ్బతిన్నాను. మిర్చి కోల్డ్ స్టోరేజీల్లోకి సరుకు ఎక్కేది దాదాపు ఫిబ్రవరి నుంచి మే వరకు. నా సాఫ్ట్‌వేర్ ఒక రూపానికి వచ్చింది జూన్‌లో. అన్నీ నిండిపోయి ఉన్నాయి, ఎవరిని అడిగినా వచ్చే సీజన్‌కి చూద్దాం అనేవాళ్లు. ఏడు నెలల గడువు పెట్టుకున్నవాడికి ఎనిమిది నెలలు ఆగమంటే ఎలా ఉంటుంది? మీరు ఎంచుకున్న వ్యాపారంలో కొనే నెలలు ఏవో మొదటి వారంలోనే కనుక్కోండి. స్కూళ్లైతే వేసవికి ముందు, బట్టల షాపులైతే దసరాకు ముందు.

రిజిస్ట్రేషన్లు

ఒక్కరే ఉంటే, మొదట్లో ప్రైవేట్ లిమిటెడ్ అక్కర్లేదు. మీ పేరు మీద, మీ పాన్‌తో బిల్లు ఇవ్వొచ్చు. సర్వీసులకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ మామూలుగా తప్పనిసరి కాదు. ఉద్యం (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో ఉచితం, ప్రభుత్వ సైట్‌లా కనిపించి రెండు మూడు వేలు లాగే సైట్లున్నాయి, జాగ్రత్త. ఉద్యం ఉంటే, ఒప్పందంలో ఏం రాసుకున్నా మీ బిల్లు 45 రోజుల్లో కట్టాలి. అలాగని 20 వేల కోసం గుంటూరు వ్యాపారి మీద కేసు వేస్తే ఆ ఊళ్లో ఇంకో కస్టమర్ దొరకడు. "మా సీఏ అడుగుతున్నారండీ" అని నవ్వుతూ గుర్తు చెయ్యడానికి పనికొస్తుంది.

ప్రైవేట్ లిమిటెడ్ ఎప్పుడంటే, పార్ట్‌నర్ వాటా రాసుకోవాల్సి వచ్చినప్పుడు, పెట్టుబడి తీసుకుంటున్నప్పుడు, పెద్ద కస్టమర్ అడిగినప్పుడు. కేంద్రం ఇచ్చే స్టార్టప్ గుర్తింపు సొంత పేరు మీద నడిపే ప్రొప్రైటర్‌షిప్‌కి రాదు, అది కావాలన్నా ఏదో ఒక రూపంలో సంస్థ పెట్టాలి. ప్రైవేట్ లిమిటెడ్‌కి అమ్మకం రూపాయి లేకపోయినా ఏటా ఆడిట్ ఉంటుంది, వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. నాకు తెలిసిన ఒకతను నడవని కంపెనీ మూయించుకోవడానికి దాన్ని పెట్టినదానికంటే ఎక్కువ కట్టాడు.

పార్ట్‌నర్ గురించి ఒక్క మాట. ఒకే రోజు ఉద్యోగం పోవడం వ్యాపారం కలిసి చెయ్యడానికి కారణం కాదు. నా ఫ్రెండ్‌కి నాలుగో నెలలో ఆఫర్ వచ్చింది, వెళ్లాడు, తప్పేం లేదు. వాటా సగం సగం అని నోటితో అనుకున్నాం కాబట్టి సరిపోయింది, కాగితం మీద రాసి ఉంటే పని చెయ్యని మనిషికి సగం కంపెనీ ఉండేది. వాటా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా వచ్చేలా, మొదటి ఏడాదిలోపు వెళ్లిపోతే ఏమీ రాకుండా రాసుకోవడం మామూలు పద్ధతి. ఇద్దరి ఇంటి ఖర్చులూ ఒకరికొకరు చూపించుకోండి. ఒకరికి 12 నెలల ఊపిరి, ఇంకొకరికి 4 నెలలది ఉంటే, గొడవ ఐదో నెలలో వస్తుంది.

హైదరాబాద్ రాయదుర్గంలో కొత్త కంపెనీలకు చోటూ సాయమూ ఇచ్చే టీ-హబ్ ఉంది, 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లో మొదలై 2022లో ఇప్పుడున్న పెద్ద బిల్డింగ్‌కి మారింది. వస్తువు తయారు చేసేవాళ్లకు పక్కనే టీ-వర్క్స్, మహిళలకు వీ-హబ్, ఏపీలో వాళ్లకు 2025లో మంగళగిరిలో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్. వెళ్లండి, కానీ ఇద్దరు ముగ్గురు కస్టమర్లను పట్టుకుని వెళ్లండి. ఉత్త స్లైడ్లతో వెళ్తే పరిచయాలూ కాఫీలూ బాగా నడుస్తాయి, నెల గడిచిపోతుంది.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్లు పై లెక్కలేవీ నేరుగా వాడకండి. ఉద్యోగం పోయాక మీకు ఉండేది గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (అక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందే అయిపోతే అప్పటిదాకానే. ఆ రోజుల్లో సొంత కంపెనీకి పని చెయ్యడం కూడా అనుమతి లేని పనే కావచ్చు. డొమైన్ కొనే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి ఫోన్ చెయ్యండి.

గోడ మీద తేదీ వచ్చినప్పుడు

నాకు ఏడో నెల చివరికి ముగ్గురు కస్టమర్లు, నెలకు 14 వేలు. ఇల్లు నడవదు, అలాగని వదిలేసేంత చిన్నదీ కాదు. వారానికి మూడు రోజుల కాంట్రాక్ట్ పని పట్టుకున్నాను, మిగతా రోజులు గుంటూరు. మీరూ ఇలా చేసేట్టయితే, కొత్త చోట చేరకముందే మీ సొంత పని సంగతి చెప్పి, అది మీదేనని, దాని కోడ్ మీద వాళ్లకు హక్కు లేదని ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి. హెచ్‌ఆర్ "అది మామూలేనండీ, తర్వాత చూద్దాం" అంటారు. సంతకం పెట్టకుండా ఆగండి. నాకు ఆ ఒక్క లైను రావడానికి పదకొండు రోజులు పట్టింది.