ముంబైలో దెబ్బ తగిలినా మహబూబ్‌నగర్‌లో దరఖాస్తు: పని ప్రమాదాలకు నష్టపరిహారం

కోస్గి, మక్తల్, దేవరకొండ వైపు నుంచి ముంబై, పుణె బిల్డింగ్ పనులకు పోయినవాళ్లకు ప్రమాదం జరిగితే, ఇంట్లోవాళ్లకు మొదటి టెన్షన్ 'కేసు కోసం అంత దూరం ఎవరు తిరుగుతారు' అనే. తిరగక్కర్లేదు. కార్మికుడు గానీ, అతను చనిపోతే అతని మీద ఆధారపడినవాళ్లు గానీ తాము ఉండే జిల్లాలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. జిల్లా కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లి నష్టపరిహారం కేసులు చూసే అధికారి ఎవరో అడగండి. ఇన్నాళ్లూ ఈ కేసులు 1923 నాటి చట్టం కింద నడిచాయి. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టం వచ్చింది. ప్రమాదం తేదీ చెప్పి, ఏ చట్టం కింద రాయాలో అక్కడే తెలుసుకోండి. ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్లకు మాత్రం ఈ దారి కాదు, వాళ్లు ఈఎస్ఐ ఆఫీసుకే వెళ్లాలి.

గడువు రెండేళ్లు. కానీ ఆగొద్దు, ఆగితే సాక్ష్యాలు చెదిరిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం ఆస్పత్రి చీటీ. 'జారిపడ్డాడు' అని మాత్రమే రాస్తే ఎక్కడ పడ్డాడో తేలదు. 'ఫలానా సైట్‌లో పని చేస్తుండగా పరంజా మీద నుంచి పడ్డాడు' అని చేరిన రోజే రాయించాలి. చనిపోతే ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు కాపీలు తీసుకోండి. శాశ్వత లోపం మిగిలితే డాక్టరు సర్టిఫికెట్ కావాలి. కూలీకి రుజువు ఉండదని చాలామంది వెనక్కి తగ్గుతారు. మేస్త్రీ ఫోన్‌పేలో వేసిన డబ్బులు, గేట్ పాస్, హాజరు పుస్తకం ఫోటో, పక్కన పనిచేసినవాళ్ల మాట, ఏది ఉన్నా జత చేయండి. పనికి పోయిన రోజే సైట్ బోర్డు ఫోటో తీసి ఇంటికి పంపితే కంపెనీ పేరు కోసం తర్వాత వెతుక్కోనక్కర్లేదు. హెల్మెట్, బెల్టు ఇవ్వకుండా ఎత్తు మీదికి ఎక్కమంటే ఎక్కొద్దు. అవి ఇవ్వడం యజమాని బాధ్యత.

చదువు రాకపోతే, మీరు కోరితే దరఖాస్తును అధికారి దగ్గరుండి రాయించాలి. మేస్త్రీ పేరే కాదు, పని ఇచ్చిన పెద్ద కంపెనీ పేరూ రాయండి. కాంట్రాక్టర్ కూలీలకు కంపెనీ కూడా బాధ్యత వహించాలి.

లెక్క ఇలా ఉంటుంది: మరణానికి నెల జీతంలో 50 శాతాన్ని వయసు గుణకంతో (వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో) హెచ్చిస్తారు. జీతం 15,000 దాటినా 15,000గానే లెక్కిస్తారు. 30 ఏళ్ల మనిషికి గుణకం 207.98 కాబట్టి, జీతం 15,000 లేదా అంతకన్నా ఎక్కువైతే 15,59,850 రూపాయలు వస్తాయి. పూర్తి శాశ్వత వైకల్యానికి 60 శాతం. చికిత్స ఖర్చు వేరు.

ఇంత హక్కున్న ఇంటికి యాభై వేలు తెచ్చి 'సంతకం పెట్టండి, అయిపోయింది' అనడం అన్యాయం. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదు. మరణ పరిహారాన్ని అధికారి దగ్గరే డిపాజిట్ చేయాలి. ఇంటికి నేరుగా ఇచ్చింది అడ్వాన్సుగా మూడు నెలల జీతం వరకే లెక్కకు వస్తుంది. హెల్మెట్ పెట్టుకోలేదనే సాకు మరణం, పూర్తి శాశ్వత వైకల్యం కేసుల్లో పనికిరాదు.

అధికారి మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. నెల దాటినా యజమాని కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం వరకు జరిమానా కూడా అడగవచ్చు. దరఖాస్తులోనే ఆ రెండూ రాయండి.