శ్రావణం బుకింగులు మొదలవుతున్నాయి: ప్లాటుకు టోకెన్ ఇచ్చేలోపు చూసుకోవాల్సినవి

ఆషాఢం వెళ్ళగానే హైదరాబాద్ చుట్టుపక్కల వెంచర్లకు ఊపు వస్తుంది. శ్రావణం నుంచి దసరా దాకా ఒకటే ఫోన్లు. కారు పంపిస్తారు, సైట్ చూపిస్తారు, భోజనం కూడా పెడతారు. తిరుగు ప్రయాణంలో "ఈ రేటు ఆదివారం వరకే సార్, టోకెన్ వేసి ప్లాటు బ్లాక్ చేసుకోండి" అంటారు. ఆ తొందరంతా కాగితాలు చూడకముందే మన చేత డబ్బు కట్టించడానికే. ఒకసారి కట్టాక ఏ లోపం కనబడినా "పర్లేదులే" అని మనమే సర్దుకుపోతాం.

ముందు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన లేఅవుట్‌ను రెరాలో రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగూ తీసుకోకూడదు. కాబట్టి "ప్రీలాంచ్ ఆఫర్, నంబరుకు అప్లై చేశాం" అంటే నంబరు లేదనే లెక్క. బ్రోచర్ మీద నంబరు ఉంటే సరిపోదు. రెరా వెబ్‌సైట్‌లో అది కొట్టి, సర్వే నంబర్లు, మీకు చూపించిన ప్లాటు అందులో ఉన్నాయో లేదో చూడండి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ రాయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

రెరా నంబరు ఉన్నంత మాత్రాన టైటిల్ (యాజమాన్య హక్కు) శుభ్రంగా ఉన్నట్టు కాదు, బ్యాంకు లోన్ ఇస్తానన్నా అంతే. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), పాత పహాణీలు (రెవెన్యూ రికార్డులు) తెప్పించి మీ సొంత లాయర్‌కు చూపించండి, కంపెనీ లాయర్‌కు కాదు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా, అసైన్డ్ భూమా అన్నది తప్పకుండా అడగండి. పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు చేతులు మారకుండా 1977లోనే చట్టం వచ్చింది. అయినా అమ్మేవాళ్ళు అమ్ముతూనే ఉన్నారు.

వానాకాలంలో కొనేవాళ్ళకు ఒక లాభం ఉంది. గట్టి వాన పడ్డ మర్నాడు, వాళ్ళ కారులో కాకుండా మీ అంతట మీరే సైట్‌కు వెళ్ళండి. నీళ్ళు ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో కళ్ళారా కనబడుతుంది. పక్క పొలం రైతును పలకరిస్తే అది కుంట శిఖమో (కుంట నీళ్ళు నిలిచే భూమి) కాదో చెప్పేస్తాడు. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ జోన్ల సంగతి ఎంత సీరియస్సో 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక అందరికీ తెలిసొచ్చింది.

గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్ల విషయంలో ఒక్క ప్రశ్న వేయండి: రిజిస్ట్రేషన్ ఎక్కడ? తహసీల్దార్ ఆఫీసులో అంటే అది ఇంకా వ్యవసాయ భూమే. రేపు ఇంటి పర్మిషన్, లోన్, మళ్ళీ అమ్మకం, మూడూ తలనొప్పే. "నెలనెలా ఇంత ఇస్తాం, రెండేళ్ళకు మేమే డబుల్‌కు కొంటాం" అనే బై బ్యాక్ మాటలు నా దృష్టిలో ప్లాటు అమ్మకమే కాదు. అది కంపెనీ మీ దగ్గర అప్పు తీసుకోవడం, అదీ పూచీ లేకుండా.

స్థలం కొనుగోలులో 20 వేలు, ఆపైన నగదు లావాదేవీ ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. పైగా గొడవ వస్తే ఆ డబ్బుకు రుజువే ఉండదు.

ఇవన్నీ చూసుకున్నాకే టోకెన్. అదీ కంపెనీ ఖాతాకు బ్యాంకు ద్వారా పంపండి, ఏజెంట్ ఫోన్‌పేకు వద్దు. రసీదు మీద ప్లాటు నంబరు, గజాలు, మొత్తం ధర ఉండాలి. టైటిల్‌లో లోపం తేలితే ఎన్ని రోజుల్లో డబ్బు వాపసు ఇస్తారో కూడా రాయించుకుని సంతకం తీసుకోండి.