ఎం.జి.బి.కి క్రోమ్ బంపర్లు అమర్చే ముందు
ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కార్లకు 1974 చివరలో, అమెరికా భద్రతా నిబంధనల కారణంగా, నల్లని రబ్బరు బంపర్లు అమర్చి, కారు ఎత్తును కూడా సుమారు 25 మిల్లీమీటర్లు పెంచారు. అందువల్ల వాటి స్థానంలో పాతకాలపు క్రోమ్ బంపర్లు బిగించదలచినవారు సస్పెన్షన్‌ను (చక్రాల మీద కారును మోసే స్ప్రింగుల అమరికను) కూడా ఆ మేరకు దించుకోవడం మంచిది. లేకపోతే చక్రాల మీది ఖాళీ కొట్టొచ్చినట్టు కనిపించి, ఆ కారు సహజమైన అందమే దెబ్బతింటుంది. రబ్బరు బంపర్లు తీశాక వెనుక ఫెండర్ల (చక్రాలను కప్పే రేకుల) కింది మూలల్లో బయటపడే ఖాళీలను కేవలం పుట్టీతో నింపవద్దు, అది కొంతకాలానికి పగులుతుంది. తుప్పును పూర్తిగా తొలగించి, రేకు ముక్కలు వెల్డింగ్ చేయించండి. రంగు వేయించక ముందే బంపర్లు, గ్రిల్, దీపాలు అన్నింటినీ తాత్కాలికంగా బిగించి చూసుకుంటే, కొత్త రంధ్రాల కోసం తాజా పెయింట్‌ను పాడుచేసే అవసరం రాదు.