పాత మారుతి 800 ఇంజిన్ దించి మోటారు పెట్టుకోవాలంటే

చేదుగా ఉన్నా ముందు ఈ మాట చెప్పేస్తాను. ఇంట్లో మనంతట మనం కరెంటుకి మార్చుకున్న కారుని మన దేశంలో రోడ్డెక్కించడానికి లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీని గురించే. పెట్రోలు బండిని ఎలక్ట్రిక్ చేయాలంటే ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్షించి ఆమోదించిన కిట్ కావాలి, దాన్ని ఆ కిట్ కంపెనీ గుర్తించిన వర్క్‌షాపే బిగించాలి, ఆ తర్వాత ఆర్టీఓ దగ్గర ఆర్సీలో ఇంధనం మార్పించుకోవాలి. ఇవేవీ లేకుండా తిప్పితే 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. రేపు ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయొచ్చు. అందుకని రోజూ ఆఫీసుకి వెళ్ళే కారు గురించి ఆలోచిస్తుంటే ఆమోదం ఉన్న కిట్ వైపు వెళ్ళండి.

నాది వేరే కథ. నూజివీడు దగ్గర మామిడి తోటలో పదేళ్ళుగా పాకలో పడున్న మారుతి 800 ఒకటి ఉంది. గేటు దాటదు, పని అంతా క్రేట్లు మోయడం, మందు డ్రమ్ములు మోయడం, అంతే. మీకూ అలాంటి సొంత స్థలం ఉంటే, చేతికి గ్రీజు అంటినా పర్వాలేదనుకుంటే చదవండి.

బండి ఏదైతే మంచిది అంటే, తేలికైనది, మామూలు గేర్లది, పవర్ స్టీరింగ్ లాంటి హంగులు లేనిది. మారుతి 800 ఖాళీ బరువు సుమారు 650 కిలోలు, విడిభాగాలు ఇప్పటికీ ఆటోనగర్‌లో చవగ్గా దొరుకుతాయి. బాడీ కింద తుప్పు చూసుకోండి, ముఖ్యంగా వెనక స్ప్రింగులు కూర్చునే చోట. తుప్పు పట్టిన బండికి బ్యాటరీ బరువు ఎక్కిస్తే అది బండి కాదు, పాడె.

ఒక్క పానా కూడా పట్టకముందే చేయాల్సిన పని ధర్మకాటాకి వెళ్ళడం. బండి నడవకపోతే లాగించుకునైనా వెళ్ళండి. మొత్తం బరువు ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, వెనకవి ఒకసారి. మూడు చీటీలూ దాచుకోండి. పని అయ్యాక మళ్ళీ తూచి, ముందూ వెనకా పాత లెక్కకి ఎంత దగ్గరగా వస్తే బ్రేకులూ స్టీరింగూ అంత పాతగానే పనిచేస్తాయి. ఇంజిన్, రేడియేటర్, సైలెన్సర్, పెట్రోల్ ట్యాంక్ అన్నీ తీస్తే నాకు నూట పది కిలోల దాకా తగ్గింది. మోటారు, బ్యాటరీ, దాని పెట్టె, కంట్రోలర్ (మోటారుకి ఎంత కరెంటు వెళ్ళాలో చూసే డబ్బా), కేబుళ్ళు కలిపి రెండు వందలు దాటింది. అంటే తొంభై కిలోలు పెరిగింది, అదీ ఎక్కువగా వెనక. వెనక సీటు ముందే తీసేశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నలుగుర్ని ఎక్కించే పని పెట్టుకోకూడదు.

మోటారు ఎంతది కావాలి? ఇక్కడ జనం గాబరాపడి పెద్దది కొంటారు. పాత ఇంజిన్ 37 హార్స్‌పవర్ అని చెప్పి 30 కిలోవాట్ల మోటారు అక్కర్లేదు. లెక్క చూడండి, మనిషీ సరుకూ కలిపి 850 కిలోల బండి చదును రోడ్డు మీద గంటకి 50 కిలోమీటర్లు పోతుంటే టైర్ల రాపిడికీ గాలికీ కలిపి చక్రాల దగ్గర రెండున్నర కిలోవాట్లే కావాలి, మోటారు గేర్‌బాక్స్ నష్టాలు కలిపితే మూడు చిల్లర. పదికి ఒకటి ఎత్తున్న గట్టు మీద ఇరవై స్పీడులో ఎక్కాలంటే ఇంకో నాలుగున్నర. నేను 72 వోల్టుల 10 కిలోవాట్ల మోటారు, దానికి జోడీ కంట్రోలర్ ఒకే చోట కొన్నాను. విడివిడిగా కొంటే ఒకదాని సెన్సార్ ఇంకోదానికి కుదరక నెల పోతుంది. అమెరికాలో మా తమ్ముడు, వాళ్ళక్కడ నిస్సాన్ లీఫ్ మోటారు తెచ్చి పాత కార్లకి పెడుతున్నారని వీడియోలు పంపేవాడు. అది 80 కిలోవాట్లది, దాని బ్యాటరీ 360 వోల్టుల దగ్గర ఉంటుంది. మొదటిసారి చేసేవాడు ఆ జోలికి పోకూడదు. 60 వోల్టుల డీసీ దాటితేనే ప్రమాదం కింద లెక్క, మన 72 కూడా ఫుల్ చార్జిలో 87 దాటుతుంది.

గేర్‌బాక్స్ ఉంచండి. మోటారుకీ దానికీ జత కలపడమే ఈ మొత్తం పనిలో అసలు పరీక్ష. ఇంజిన్ దించాక గేర్‌బాక్స్ మూతి మీద అట్ట పెట్టి, బోల్టు రంధ్రాలూ డోవెల్ పిన్నుల (రెండు భాగాల్నీ సరిగ్గా ఎదురెదురుగా కూర్చోబెట్టే మేకుల) గుర్తులూ ఆ అట్ట మీద పడేలా నొక్కి, దాన్నిబట్టి 16 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటు కోయించాను. షాఫ్టు కలపడానికి పాత క్లచ్ ప్లేటు మధ్యలో పళ్ళున్న బొడ్డు ఉంటుంది చూడండి, దాన్ని మాత్రం కోసి తీసి, మోటారు షాఫ్టుకి కీ-వేతో (జారకుండా ఉక్కు ముక్క దిగే గాడితో) బిగించే ఉక్కు బుష్‌కి వెల్డింగ్ చేయించాలి. క్లచ్ తీసేసినట్టే అన్నమాట. కరెంటు మోటారు సున్నా నుంచే లాగుతుంది కాబట్టి ఆగినప్పుడు క్లచ్ తొక్కే అవసరం లేదు. గేరు మార్చాలంటే యాక్సిలరేటర్ వదిలి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా జరపాలి. నేనైతే రోజంతా రెండో గేరులోనే ఉంటాను.

ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద కూర్చున్న పెద్దాయన దగ్గరికి ఈ బుష్ పట్టుకెళ్ళి, "బాబాయ్, సెంటరు సరిగ్గానే ఉన్నట్టుంది కదా" అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి నవ్వాడు. "కంటికి అన్నీ సెంటరుగానే కనిపిస్తాయి బాబూ, డయల్ పెట్టి చూడు." డయల్ గేజ్ ముల్లు పెట్టి చేత్తో తిప్పితే ముల్లు పాతిక గీతలు ఊగింది. ఒక్కో గీత మిల్లీమీటరులో వందో వంతు. ఆయన వెల్డింగ్ తీసి, ముందు నాలుగు చుక్కలు మాత్రమే ఎదురెదురుగా పెట్టించి, చల్లారాక కొలిచి, ఇత్తడి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి మళ్ళీ కొలిచి, అలా ఒక పూటంతా కూర్చుని నాలుగైదు గీతలకి తెచ్చాడు. దీని దగ్గర తొందరపడితే గేర్‌బాక్స్ ముందు బేరింగు అరుస్తూ పోతుంది.

ఇక బ్యాటరీ. మన ఎండలకి ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ తప్ప వేరేది వద్దు, వేడికి ఇది మిగతా లిథియం రకాల కంటే నిదానస్తురాలు. 280 ఏహెచ్ (ఆంపియర్-అవర్) సెల్స్ 24 వరసగా కలిపితే 76.8 వోల్టులు, 21.5 యూనిట్ల నిల్వ. ఒక్కో సెల్ అయిదున్నర కిలోల లోపు, అంటే అవే 130 కిలోలు. తోటలో తిరగడానికి ఇంత నిల్వ అక్కర్లేదు నిజమే, కానీ చిన్న సెల్స్ గట్టు ఎక్కేటప్పుడు అడిగే కరెంటుకి వేడెక్కిపోతాయి. మోటారుకి 10 కిలోవాట్లు ఇవ్వాలంటే 140 ఆంప్స్, ఒక్కోసారి దానికి రెట్టింపు.

కొన్న సెల్స్‌ని అలాగే కలిపేయకండి. ముందు బీఎంఎస్ (ఒక్కో సెల్ వోల్టేజీని కనిపెట్టి, తేడా వస్తే కరెంటు ఆపే బోర్డు) కాపలాలో వరసగా దాదాపు ఫుల్ దాకా చార్జి చేసి, తర్వాత విప్పి, అన్నిటినీ పక్కపక్కన సమాంతరంగా కలిపి, బెంచ్ సప్లయితో (వోల్టులు మనం పెట్టుకోగల కరెంటు డబ్బాతో) 3.65 వోల్టుల దగ్గర నిదానంగా నింపాలి. దీన్నే టాప్ బ్యాలెన్సింగ్ అంటారు. విసుగు పనే, నాకు రెండు రోజులు పట్టింది. ఇది ఎగ్గొడితే ఒక్క సెల్ ముందే నిండిపోయి, ఒక్క సెల్ ముందే ఖాళీ అయ్యి, బీఎంఎస్ దారి మధ్యలో బండి ఆపేస్తుంది.

పానాలకి పిడి దగ్గర్నుంచి మూతి దాకా ఇన్సులేషన్ టేపు చుట్టండి. చేతికున్న ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసి ఇంట్లో పెట్టి రండి. నా పదో నంబరు పానా చేతి చెమటకి జారి సెల్స్‌ని కలిపే రెండు బస్‌బార్ల (లోహపు పట్టీల) మీద అడ్డంగా పడింది. టప్ మని తెల్లటి మెరుపు, అంతే. తీసి చూస్తే పానా అంచు ఎలుక కొరికినట్టు అర్ధచంద్రాకారంలో పోయింది. అప్పటికి కలిపింది నాలుగు సెల్సే, పదమూడు వోల్టులు. ఆ పానా ఇప్పటికీ షెడ్డు గోడకి వేలాడేసి ఉంచాను.

వైరింగులో వరస ఇది: బ్యాటరీ పక్కనే ఫ్యూజు, ఆ తర్వాత చేత్తో లాగితే ఊడే స్విచ్, తర్వాత కాంటాక్టర్ (తాళం తిప్పితే పడే పెద్ద రిలే), ఆపైన కంట్రోలర్. ఫ్యూజు, స్విచ్ రెండూ డీసీకి రాసి ఉన్నవే కొనండి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ పెడితే డీసీ మంట ఆరదు, ఎందుకంటే ఏసీలాగా అది మధ్యలో సున్నాకి రాదు. కాంటాక్టర్ ఒక్కసారిగా పడితే కంట్రోలర్ లోపలి కెపాసిటర్లు కరెంటుని గుటుక్కున మింగి కాంటాక్టు ముక్కలు అతుక్కుపోతాయి, అందుకే ముందు ఒక రెసిస్టర్ ద్వారా రెండు మూడు సెకన్లు నింపి అప్పుడు కాంటాక్టర్ పడేలా ప్రీచార్జ్ పెట్టాలి. కేబుల్ 50 చదరపు మిల్లీమీటర్ల రాగిది, దాని చివర్లకి తొడిగే లగ్గులు సుత్తితో కొట్టకుండా హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి. బ్యాటరీ ప్లస్ గానీ మైనస్ గానీ బండి బాడీకి తగలకూడదు. పాత 12 వోల్టుల వైరింగులో మైనస్ బాడీకే ఉంటుంది కదా అని ఇక్కడా అలాగే కలిపే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, పక్కనే నిలబడండి. లైట్లు, హారన్, వైపర్ల కోసం చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంచి, దాన్ని నింపడానికి పెద్ద బ్యాటరీ వోల్టేజీని 12కి దించే డీసీ-డీసీ కన్వర్టర్ పెట్టుకుంటే చాలు.

బ్రేకుల సంగతి చాలామంది మర్చిపోతారు. మాస్టర్ సిలిండర్ వెనక గుండ్రటి నల్ల డబ్బా ఉంటే అది వాక్యూమ్ బూస్టర్, దానికి గాలి పీల్చి ఇచ్చేది ఇంజినే. ఇంజిన్ పోయాక పెడల్ రాయిలా అవుతుంది. 12 వోల్టుల వాక్యూమ్ పంపు, ఒక చిన్న ట్యాంకు, వాక్యూమ్ స్విచ్ పెట్టుకోవాల్సిందే. మోటారు రీజెన్ (పెడల్ వదిలితే మోటారే బండిని నిదానింపజేసి ఆ కరెంటుని బ్యాటరీకి పంపడం) ఉంది కదా అని బ్రేకుల్ని చిన్నచూపు చూడొద్దు, బ్యాటరీ ఫుల్‌గా ఉన్నప్పుడు రీజెన్ దాదాపు పనిచేయదు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ముందు చక్రాలు పైకెత్తి స్టాండ్ల మీద పెట్టండి, ఒక్క జాకీని నమ్ముకోకండి. కంట్రోలర్ సెట్టింగులో కరెంటు పరిమితి 50 ఆంప్స్‌కి దించండి. పెడల్ తొక్కి ఉంచి తాళం తిప్పి చూడండి, చక్రం కదలకూడదు. పెడల్ సెన్సార్ వైరు పీకి చూడండి, అప్పుడూ కదలకూడదు. ఈ రెండూ అయ్యాకే నేల మీదికి.

చార్జింగ్‌కి 15 ఆంప్స్ సాకెట్టు, ఎర్తింగ్ సరిగ్గా ఉన్నది, చాలు. మూడు కిలోవాట్ల చార్జర్‌తో ఖాళీ నుంచి ఫుల్‌కి ఏడెనిమిది గంటలు. మే నెల మధ్యాహ్నం తిరిగొచ్చి వెంటనే ప్లగ్గు పెట్టకండి, పొద్దు వాలనివ్వండి. తోట దారుల్లో నాకు కిలోమీటరుకి వంద వాట్-అవర్ల దగ్గర పడుతోంది, వారానికి ఒకసారి చార్జి పెడితే సరిపోతోంది. ఖర్చు మొత్తం మూడు లక్షలు దాటింది, సగానికి పైగా సెల్స్‌కే, కాబట్టి పెట్రోలు మిగులుతుందని లెక్కలేసుకుని మాత్రం దిగకండి.

రెండు వందల కిలోమీటర్లు తిరిగాక ప్రతి లగ్గూ, ప్రతి బస్‌బార్ నట్టూ టార్క్ పానాతో (ఎంత బిగువో కొలిచే పానాతో) మళ్ళీ చూడాలి. నాకు పదిహేడో సెల్ దగ్గర నట్టు వేలితో తిరిగింది. పక్కనున్న ప్లాస్టిక్ మూత అప్పటికే కాస్త పసుపు రంగుకి తిరిగి ఉంది.